సున్నాను నమ్మొచ్చా? మలేరియా దోమల సర్వేలో సీడీసీ లైట్ ట్రాప్

మలేరియాను ఆపడానికి దోమల మీద వాడే పద్ధతులన్నీ దోమ అలవాట్ల మీద నిలబడినవే. ఇంటి గోడలకు మందు కొడితే ఆ గోడ మీద వాలిన దోమే చస్తుంది. దోమతెర కట్టుకుంటే పడుకున్నాక వచ్చే దోమ నుంచే రక్షణ. 1970ల్లో ఉత్తర నైజీరియాలోని గార్కి ప్రాంతంలో ఇళ్లకు ప్రొపాక్సర్ అనే దోమల మందు కొట్టినా మలేరియా వ్యాప్తి ఆగలేదు. అక్కడి దోమల్లో కొంత భాగం గోడల మీద ఆగకుండా బయట విశ్రాంతి తీసుకోవడం అందుకు ఒక ముఖ్య కారణమని తేలింది. అందుకే మందు ఎంచుకునే ముందు దోమను తెలుసుకోవాలి. ఏ జాతిది, రాత్రికి ఎన్ని వస్తున్నాయి, ఇంట్లోకి వస్తున్నాయా లేదా అన్నది లెక్క తీయాలి. ఆ లెక్క కోసం ప్రపంచమంతటా విరివిగా వాడే పరికరం సీడీసీ లైట్ ట్రాప్, అంటే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) పేరుతో పిలిచే, దీపం ఉన్న దోమల బోను. సుడియా, చాంబర్లెయిన్ అనే ఇద్దరు 1962లో దీని వివరాలు ప్రచురించారు. అప్పుడు తయారుచేసింది దోమలు మోసుకొచ్చే వైరస్‌ల అధ్యయనం కోసం. మలేరియా పనికి తర్వాత అలవాటైంది.

ముందుగా మా అభిప్రాయం చెప్పేస్తాం. మనిషి పడుకున్న దోమతెర పక్కన, ఇంటి లోపల వేలాడదీస్తే ఇది మంచి పరికరం, పెట్టిన శ్రమకు తగిన ఫలితం ఇస్తుంది. ఏ చెట్టు కొమ్మకో కట్టి, తెల్లారి సంచిలో పడ్డవాటిని బట్టి మలేరియా గురించి తేల్చేద్దామనుకుంటే మోసపోతారు. ఇందులోని అసలు చిక్కు దోమ పడకపోవడం కాదు. సంచి ఖాళీగా కనిపించినప్పుడు దోమలు నిజంగా రాలేదా, ట్రాప్ పని చేయలేదా అన్నది తేల్చుకోలేకపోవడం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ సున్నా గురించే.

చూడటానికి చాలా సాదా పరికరం. అరచేతి వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, పైన వాన పడకుండా అల్యూమినియం మూత, మూత కింద చిన్న బల్బు, గొట్టంలో మోటారుకు బిగించిన ఫ్యాన్, అడుగున వలగుడ్డ సంచి. ఫ్యాన్ గాలిని పైనుంచి కిందికి లాగుతుంది. మూతకూ గొట్టానికీ మధ్య సందులోకి వచ్చిన దోమ ఆ గాలికి సంచిలో పడుతుంది. 6 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. పాత రకం బల్బు ఉన్న మోడల్ సుమారు 300 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అందులో సగం బల్బుదే.

పేరులో లైట్ ఉంది కదా అని అసలు ఎర వెలుగే అనుకోవద్దు. ఆడ అనాఫిలిస్‌ను (మలేరియా మోసే దోమ రకం ఇదే) దూరం నుంచి రప్పించేది నిద్రపోతున్న మనిషి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వాసన. దగ్గరికొచ్చాక ఒంటి వేడి. తీరా వస్తే దోమతెర అడ్డం. లోపలికి దారి వెతుక్కుంటూ తెర చుట్టూ, తెర పైన తిరుగుతుంది. సరిగ్గా ఆ తిరుగాటలో ట్రాప్ నోటి దగ్గరికి వస్తే గాలి లాగేస్తుంది. వెలుగు ఆ చివరి కొద్ది దూరంలో సాయపడుతుంది, అంతే. మనిషి లేని గదిలో ఒంటరిగా వేలాడే ట్రాప్‌లో పురుగులు, రెక్కల చీమలు సంచి నిండా పడతాయి, అనాఫిలిస్ మాత్రం ఒకటీ అరా.

కాబట్టి అమర్చే తీరే సగం పని. బల్బు నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉండాలి. మంచానికి కాళ్ల వైపు, మూత అంచు తెరకు దాదాపు ఆనేంత దగ్గరగా వేలాడదీయాలి. గోడకు ఆనుకోకూడదు, కిటికీ గాలికి ఊగకూడదు. దోమతెరకు చిరుగు ఉండకూడదు, లోపల ఒక మనిషి రాత్రంతా పడుకోవాలి. సాయంత్రం 6కి వేసి ఉదయం 6కి తీయడం మామూలు పద్ధతి. గదిలో ఇంకో దీపం వెలగకూడదు. దోమల చుట్ట, లిక్విడ్ మెషీన్, పొగ, ఏవీ ఉండకూడదు. ఇంటివాళ్లు అలవాటు కొద్దీ రాత్రి 10కి చుట్ట వెలిగిస్తే ఆ రాత్రి లెక్క పోయినట్టే. ముందుగా చెప్పాలి, ఉదయం మళ్లీ అడగాలి, వెలిగించి ఉంటే రిజిస్టరులో రాయాలి.

తెర సంగతి చాలామంది పట్టించుకోరు. పైరెత్రాయిడ్ మందు ఉన్న తెరకు దోమను కలవరపెట్టి తరిమే గుణం ఉంటుంది. ఒక ఇంట్లో మందు తెర, పక్కింట్లో మామూలు తెర వేసి రెండు ట్రాపుల లెక్కలు పోలిస్తే, తేడా దోమలదా తెరదా అన్నది తేలదు. సర్వే మొత్తానికీ ఒకే రకం తెర వాడాలి. వచ్చే ఏడాది చేసే సర్వేకూ అదే రకం ఉండాలి.

ఇక బ్యాటరీ. ఈ పరికరంతో వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. 300 మిల్లీ ఆంపియర్ల చొప్పున 12 గంటలకు 3.6 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 10 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీకి అది సులువే. రెండు రాత్రులు నడుస్తుంది కూడా. ఆ ధైర్యంతోనే చార్జ్ చేయకుండా రెండో రాత్రి వాడేస్తారు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని మరీ అడుగంటా వాడితే లోపల సల్ఫేట్ పేరుకుని సామర్థ్యం తగ్గిపోతుంది. 5.25 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు. చార్జ్ నిండిన బ్యాటరీ కాసేపు పక్కన పెట్టాక కొలిస్తే 6.3 నుంచి 6.4 వోల్టులు చూపాలి. 6.1 చూపిందంటే సగం ఖాళీ అయినట్టు. రోజూ ఉదయాన్నే చార్జింగ్‌కు పెట్టాలి. 12 వోల్టుల చార్జర్‌ను పొరపాటున కూడా తగిలించకూడదు.

బ్యాటరీ చచ్చిపోయే తీరు చూడండి, సున్నా ఎందుకు అబద్ధమాడుతుందో అర్థమవుతుంది. పాత బ్యాటరీ సాయంత్రం బాగానే ఉంటుంది. రాత్రి ఒంటి గంటకో రెండు గంటలకో వోల్టేజి జారుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. బల్బు మసకగానైనా వెలుగుతూనే ఉంటుంది. ఉదయం వచ్చినవాళ్లు వెలుగు చూసి ట్రాప్ పని చేసిందనుకుంటారు. కానీ ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే కొత్త దోమలు పడవు, పడ్డవి సంచిలోంచి పైకెక్కి వెళ్లిపోతాయి. గాంబియే, ఫ్యునెస్టస్ లాంటి ముఖ్యమైన మలేరియా దోమలు ఎక్కువగా కుట్టేది అర్ధరాత్రి దాటాకే. అంటే ట్రాప్ సరిగ్గా అవసరమైన గంటల్లోనే చేతులెత్తేస్తుంది. దీనికి మందు ఒక్కటే: సాయంత్రం వేసేటప్పుడు, ఉదయం తీసేటప్పుడు, ట్రాప్ నడుస్తుండగానే మల్టీమీటరుతో వోల్టేజి కొలిచి రాయడం. ఉదయం ఫ్యాన్ నోటి దగ్గర పలచని కాగితపు ముక్క పట్టుకోండి. గట్టిగా కిందికి లాగితే ఆ రాత్రి లెక్క చెల్లుతుంది. లాగకపోతే అది సున్నా కాదు, లెక్క లేని రాత్రి. రెండిటినీ ఒకే గడిలో రాయకూడదు.

ఇంకో పొరపాటు వైర్లు తారుమారు చేయడం. ఎరుపు, నలుపు క్లిప్పులు మారిస్తే, రక్షణ సర్క్యూట్ లేని మోడళ్లలో మోటారు వెనక్కి తిరుగుతుంది, గాలి పైకి తన్నుతుంది. బల్బు మాత్రం మామూలుగానే వెలుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైన చెప్పిన కాగితం పరీక్షే సాయంత్రం కూడా చేస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది.

ఉదయం చేసే పనిలో వరుస తప్పకూడదు. ఫ్యాన్ నడుస్తుండగానే సంచి మెడ దగ్గర బిగించి కట్టాలి. ఆ తర్వాతే కరెంటు ఆపాలి. ముందు ఫ్యాన్ ఆపితే బతికున్న దోమలు క్షణంలో గొట్టం గుండా బయటికి లేస్తాయి. ఫ్యాన్ ఆగగానే దానంతటదే మూసుకునే గాలి తలుపు ఉన్న మోడళ్లున్నాయి. కొత్తగా కొంటుంటే అది ఉన్నదే తీసుకోండి. బ్యాటరీ మధ్యలో ఆగినా పడ్డవి పడ్డట్టే ఉంటాయి. వెలుగును బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్ మాత్రం ఇంటి లోపల వాడకానికి అంత అవసరం లేదు. గదిలో ఎవరైనా టార్చి వేస్తే అది తికమకపడుతుంది.

సంచిలో పడ్డవి భద్రంగా ఉంటాయన్న భరోసా కూడా లేదు. చీమలు వేలాడే తాడు వెంట దిగి, సంచిలోని దోమలను ముక్కలు చేసి మోసుకుపోతాయి. ఉదయానికి మిగిలేవి రెక్కలు, కాళ్లు. తాడు మధ్యలో నాలుగు వేళ్ల మేర వాజిలిన్ గానీ గ్రీజు గానీ పూస్తే చాలు, చీమలు దాటలేవు. గొట్టం పైన జల్లెడ లేకపోతే పెద్ద పురుగులు, రెక్కల పురుగులు దూరి, సంచిలో కొట్టుకుని దోమల మీది పొలుసులన్నీ రాల్చేస్తాయి. పొలుసులు పోతే జాతి గుర్తుపట్టలేం. ఎందుకో చెప్పాలంటే దోమను దగ్గరగా చూడాలి.

సంచిని ఫ్రీజర్‌లో అరగంట ఉంచి, దోమలను తెల్ల కాగితం మీద పోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టండి. మీసాలు కుచ్చులా గుబురుగా ఉంటే మగవి, పక్కన పెట్టేయండి, అవి కుట్టవు. ఆడవాటిలో తొండానికి రెండు పక్కలా ఉండే స్పర్శకాలు తొండమంత పొడుగుంటే అనాఫిలిస్, పొట్టిగా ఉంటే క్యూలెక్సో ఈడిసో. ఇంతవరకు ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకుంటారు. జాతి తేల్చాలంటే స్పర్శకాల మీద తెల్ల పట్టీలు ఎన్ని, ఎంత వెడల్పు, రెక్క ముందంచున నల్ల మచ్చలు ఎక్కడ తెగుతున్నాయి, కాళ్ల మీద చుక్కలున్నాయా అన్నవి చూడాలి. ఈ రంగులన్నీ పొలుసులవే. నగరాల్లో మలేరియా మోసే స్టిఫెన్సై అనే అనాఫిలిస్ జాతిని గుర్తుపట్టేది స్పర్శకాల చివర ఉన్న రెండు వెడల్పాటి తెల్ల పట్టీలు, వెనక ఒక సన్న పట్టీ, కాళ్ల మీది తెల్ల చుక్కల వల్లే. ఫ్యాన్ రెక్కకు తగిలి, పురుగుల కింద నలిగి పొలుసులు రాలిన దోమ ఏ పట్టికలోనూ ఇమడదు. లైట్ ట్రాప్ దోమల్లో ఇలాంటివి కొన్ని ఉండే తీరతాయి. వాటిని అంచనాతో ఏదో జాతిలో వేయకుండా ‘అనాఫిలిస్, జాతి తెలియదు’ అనే రాయాలి.

పొట్టను కూడా చూడాలి. పొట్ట చదునుగా ఉంటే రక్తం తాగలేదు. ఎర్రగా ఉబ్బి ఉంటే అప్పుడే తాగింది. సగం నల్లగా, సగం తెల్లగా ఉంటే రక్తం అరుగుతూ గుడ్లు పెరుగుతున్నాయి. మొత్తం తెల్లగా నిండి ఉంటే గుడ్లు పెట్టడానికి సిద్ధం. దోమతెర పక్కన వేసిన ట్రాప్‌లో ఎక్కువగా ఖాళీ పొట్టవే పడాలి, ఎందుకంటే అవి ఇంకా ఆహారం వెతుక్కుంటున్నవి. ఎర్ర పొట్టవి ఎక్కువగా కనిపిస్తే తెరకు ఎక్కడో చిరుగు ఉందని, లేదా అదే గదిలో తెర లేకుండా ఇంకెవరో పడుకున్నారని అనుమానించాలి. ట్రాప్ దానంతటదే చెప్పే ఆ చిన్న సంకేతాన్ని చాలామంది వదిలేస్తారు. తెర చిరిగి ఉంటే లెక్క తప్పడం ఒక్కటే కాదు, లోపల పడుకున్న మనిషికి జ్వరం వచ్చే ప్రమాదం కూడా ఉంది.

దాచిపెట్టడం గురించి రెండు మాటలు. ఒక్కో దోమను ఒక్కో చిన్న ట్యూబులో వేయాలి. అడుగున సిలికా జెల్, దాని మీద కొంచెం దూది, పైన దోమ. ఇంటి నంబరు, తేదీ చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి లోపలే వేయాలి, ట్యూబు మీది మార్కర్ రాత చెరిగిపోతుంది. జెల్ రంగు మారితే తేమ పట్టినట్టే, వెంటనే మార్చాలి. లేకపోతే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. గాంబియే కూటమిలోని దోమలు సూక్ష్మదర్శిని కింద కవలల్లా ఉంటాయి. కానీ వాటిలో ఒకటి మనిషి రక్తం కోసమే వస్తుంది, ఇంకొకటి పశువుల దగ్గరే తిరుగుతుంది. మన పల్లెల్లో మలేరియా మోసే క్యూలిసిఫేసీస్ కూటమిలో కూడా ‘బి’ రకం మలేరియా మోయడంలో చాలా బలహీనం. ఇలా ఎండబెట్టిన దోమలో ఇది తేల్చేది పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షే. దానికి దోమ కాలు ఒకటి చాలు.

మలేరియా క్రిమి ఉందో లేదో చూసే ఎలీసా పరీక్షకు తల, ఛాతీ భాగాన్ని పొట్ట నుంచి వేరుచేసి వాడాలి. క్రిమి ముందు కడుపు గోడ మీద బుడిపెలుగా పెరిగి, పక్వానికొచ్చాకే లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. ఫాల్సిపారం రకానికి 25 డిగ్రీల దగ్గర అందుకు సుమారు పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పొట్ట కూడా కలిపి నూరితే ఇంకా అంటించే దశకు రాని దోమ కూడా పాజిటివ్ చూపుతుంది. పశువుల రక్తం తాగిన దోమల్లో ఎలీసా ఉత్తపుణ్యానికే పాజిటివ్ రావడం కూడా ఉంది. నూరిన ద్రవాన్ని 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి మళ్లీ పరీక్షిస్తే అలాంటివి చాలావరకు తొలగిపోతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే చివర చేసేది గుణకారం. రాత్రికి ఒక మనిషిని కుట్టే దోమల సంఖ్యను, వాటిలో క్రిమి మోసేవాటి శాతంతో హెచ్చిస్తారు. రాత్రికి 5 దోమలు, వాటిలో నూటికి 2 క్రిమి మోసేవి అనుకుంటే, రోజుకు 0.1, ఏడాదికి సుమారు 36 అంటించే కాట్లు. బ్యాటరీలు సరిగా లేక 5 కాస్తా 2 అయితే ఏడాదికి 15కు దిగిపోతుంది. మందు కొట్టడం ఫలించిందని అంతా సంతోషిస్తారు. నిజానికి ఫలించింది ఏమీ లేదు.

మరి ట్రాప్ అంకెను మనిషిని కుట్టే దోమల సంఖ్యగా తీసుకోవచ్చా? టాంజానియాలోని ముహేజా దగ్గర చేసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, తెరల పక్కన వేసిన మూడు ట్రాపుల్లో పడ్డ మలేరియా దోమలు, కాళ్లు బయటపెట్టి కూర్చున్న ఇద్దరు మనుషులు వాలినవాటిని పట్టుకున్న సంఖ్యకు దాదాపు సమానంగా వచ్చాయి. ఆ నిష్పత్తిని పట్టుకుని ఎక్కడైనా 1.5తో హెచ్చించేయడం సరికాదు. దోమ జాతి మారితే, ఇంటి కట్టడం మారితే, దోమల సాంద్రత మారితే ఆ నిష్పత్తీ మారుతుంది. మీరున్న చోట కొన్ని రాత్రులు రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి సొంత నిష్పత్తి తీసుకోవాలి. మనుషులను కూర్చోబెట్టే పద్ధతికి వాళ్ల అంగీకారం, మలేరియా రాకుండా ముందు జాగ్రత్త మందులు, నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఆ భారం లేకుండా, మనిషి తెర లోపల సురక్షితంగా ఉండగానే లెక్క దొరకడమే ఈ ట్రాప్ గొప్పతనం. మేము దీన్ని ఇంతగా మెచ్చుకోవడానికి ముఖ్య కారణం అదే.

చేతకానివి కూడా ఉన్నాయి. ఏ గంటలో కుట్టిందో ఇది చెప్పదు. గంటగంటకూ సంచి మార్చాలి, లేదా సీసాలు తిరిగే యంత్రం వేరుగా తగిలించాలి. సెనెగల్‌లో తెల్లారాక కూడా ఫ్యునెస్టస్ కుట్టడం నమోదైంది. ఉదయం 6కే ట్రాప్ తీసేస్తే ఆ కాట్లు ఎప్పటికీ కనిపించవు. ఆరుబయట, జనం ఇంకా మెలకువగా ఉండగా కుట్టే దోమకూ ఇది సరైన సాధనం కాదు. బయట వేస్తే వెన్నెల రాత్రి పడేవి, అమావాస్య నాడు పడేవి పోల్చడానికే వీలుండదు. స్టిఫెన్సై విషయంలో మరీ బలహీనం. 2012లో తూర్పు ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించి ఆఫ్రికా కొమ్ము దేశాల్లో పాకుతున్న ఆ నగర దోమ, లైట్ ట్రాపుల్లో చాలా తక్కువగా పడుతోంది. దానికి నీళ్ల తొట్లు, ట్యాంకులు, డ్రమ్ముల్లో లార్వాలు వెతకడమే దారి. అక్కడ ట్రాప్ సున్నా చూపిందని ఆ దోమ లేదనుకుంటే పెద్ద ప్రమాదం.

దోమ వయసు తెలుసుకోవాలన్నా ఇబ్బందే. అండాశయం మీది సన్న గాలి గొట్టాల చుట్టలు విడిపోయాయా లేదా చూసి, ఇంతకుముందు గుడ్లు పెట్టిందో లేదో తేలుస్తారు. దానికి దోమ తాజాగా ఉండాలి. రాత్రంతా ఫ్యాన్ గాలికి సంచిలో దోమలు ఎండిపోతాయి. సంచి మీద తడి గుడ్డ చుట్టి, పక్కన పంచదార నీళ్లలో ముంచిన దూది పెడితే కొంత మెరుగు. గోడ మీద విశ్రాంతి తీసుకునే దోమలే కావాలంటే ట్రాప్‌తో పని లేదు. ఉదయాన్నే బ్యాటరీతో నడిచే పీల్చుడు యంత్రంతో గోడలు, మూలలు వెతకడం మేలు.

కొనేటప్పుడు వేడి పుట్టించే పాత బల్బు కన్నా ఎల్‌ఈడీ ఉన్నది బ్యాటరీకి తేలిక. కానీ ఒకే సర్వేలో కొన్నిటికి పాతది, కొన్నిటికి ఎల్‌ఈడీ పెట్టకండి, వెలుగు మారితే పడే దోమల సంఖ్యా మారుతుంది. పది ట్రాపులు కొంటే విడి మోటార్లు రెండు మూడు, బ్యాటరీలు పదిహేను, సంచులు ఇరవై తీసుకోండి. మోటారు ఇరుసు దగ్గర దుమ్ము, పురుగుల ముక్కలు చుట్టుకుని బిగుసుకుపోతుంది, వారానికోసారి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. ఫ్యాన్ రెక్క ఇరుసు మీద వదులైతే మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, గాలి మాత్రం రాదు. చెవితో నమ్మకండి, కాగితం ముక్కే పట్టి చూడండి. సంచి కుట్లు పెన్సిల్ మొన దూరేంత విడిపోయినా చాలు, దోమ బయటపడుతుంది. ఉతికిన ప్రతిసారీ వెలుతురుకు ఎదురుగా పట్టి కుట్టు పొడవునా చూసుకోవాలి.